మెయిడెన్ కాసిల్: గోడల్లేని కోట

ఇంగ్లండు దక్షిణాన డోర్చెస్టర్ సౌత్ స్టేషన్‌లో దిగి, నైరుతిగా ముప్పావుగంట నడిస్తే మెయిడెన్ కాసిల్ కొండ కిందికి వచ్చాం. కార్లో వచ్చేవాళ్లకు కింద పార్కింగ్ ఉచితం, పైకి వెళ్లడానికి టికెట్ లేదు. టాయిలెట్ కూడా లేదు. ఆ పనులన్నీ ఊళ్లోనే ముగించుకు రావాలి.

పేరుకే కాసిల్. ఉన్నదంతా సుద్దనేలను తవ్విపోసిన కట్టలు, వాటి మధ్య లోతైన కందకాలు, ఒక వరస వెనక ఇంకో వరస. లోపల 19 హెక్టార్లు, అంటే సుమారు 47 ఎకరాలు. దగ్గరి దారి కదా అని పక్కనుంచి కట్టలెక్కకూడదు. వాన పడితే గడ్డి కింద సుద్ద జారుతుంది. పైగా అడుగులకు గడ్డి చెక్కుకుపోయిన చోట వాననీరు చాలు కట్టి కట్టనే కోసేస్తుంది. పడమటి ద్వారం గుండానే వెళ్లండి. వచ్చినవాడు తిన్నగా దూసుకురాకుండా మలుపు మీద మలుపు పెట్టారు. ఆ ద్వారం దగ్గర తొందరపడితే కోట సగం చూడనట్టే.

పైకెక్కాక చాలామందికి గొర్రెలు మేసే బీడే కనిపిస్తుంది. పొద్దు వాలాక వెళ్లాలి. ఏటవాలు వెలుగులో మైదానం నడుమ పల్చటి గట్టు తేలుతుంది. క్రీ.పూ. 600 ప్రాంతంలో కట్టిన మొదటి కోటకు అదే పడమటి హద్దు. తూర్పు మిట్ట ఒక్కటే కోట అప్పట్లో. సుమారు క్రీ.పూ. 450లో కొండంతా చుట్టేశారు. అంతకు ముందే కొత్తరాతియుగం వాళ్లు ఇక్కడ ఆవరణ తవ్వారు, ఆ తర్వాత 546 మీటర్ల పొడవున దిబ్బ పోశారు.

తూర్పు ద్వారం దగ్గర వడిసెల రాళ్లు 20 వేలకు పైగా దొరికాయి. చెసిల్ సముద్రతీరం నుంచి ఏరి తెచ్చిన గుండ్రాళ్లు. ఆ ద్వారం దగ్గరి సమాధుల్ని చూసి, రోమన్ల దాడిలో ఒక్కసారే చనిపోయినవాళ్లని పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ రాశారు. ఆ చావులు కొన్ని దశాబ్దాల పొడవునా జరిగాయని 2025లో ఎముకల వయసు తేల్చే కార్బన్ పరీక్షలు చెప్పాయి. పాత కథే బాగుంటుంది, కానీ నిలబడలేదు.

వీలర్ ఇక్కడ 1934 నుంచి 1937 దాకా తవ్వారు. 1944లో మన పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చారు. మన తవ్వకాల ఫొటోల్లో చదరపు గుంటలు, వాటి మధ్య వదిలేసిన మట్టిగట్లు కనిపిస్తాయి చూడండి, ఆ పద్ధతి ఇక్కడ సానబెట్టిందే.

మెటల్ డిటెక్టర్ తీసుకెళ్లకండి, రక్షిత స్థలంలో అది నేరం. తిరుగు దారిలో డోర్చెస్టర్‌లోని డోర్సెట్ మ్యూజియం చూడండి. ఆ సమాధుల్లో దొరికిన, ఇనుప మొన దిగిన వెన్నెముక అక్కడే ఉంది.