గేర్ల సైకిల్ మీద అరకు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎవరు కనబడ్డా మొదట అదే అడుగుతారు కాబట్టి. రెండేళ్ళ క్రితం నా మౌంటెన్ బైక్ 34 వేలు పడింది. హెల్మెట్, లైట్లు, పంపు, మెత్త కుట్టిన నిక్కరు కలిపి ఇంకో ఆరు వేలు. "ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ స్కూటీ వచ్చేది కదరా" అని నాన్న ఇప్పటికీ అంటూనే ఉంటారు. అటు లక్షలు పోసి కొన్నవాళ్ళకేమో ఇది ఆటబొమ్మ. ఇలా ఇటూ అటూ కాని సైకిల్‌తో వైజాగ్ నుంచి అరకు వెళ్ళి రాగలనా అని చాలా రోజులుగా ఒక దురద. డిసెంబర్‌లో ఒక శనివారం తీరింది.

తెల్లవారుజామున నాలుగింటికి వైజాగ్‌లో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బయల్దేరాం, నేనూ మా బావా. బావది సన్న టైర్ల హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్యరకం. నాది 29 అంగుళాల చక్రాలు, వాటికి లావు టైర్లు, టైర్ల మీద వేలెడంత బొడిపెలు (వేలెడంత కాదులెండి, కానీ తారు రోడ్డు మీద తొక్కుతుంటే అలాగే అనిపిస్తాయి). పెందుర్తి దాటేదాకా ఆ బొడిపెలు తేనెటీగల గుంపులా జుయ్యిమంటూనే ఉన్నాయి. ఆ మోత నా కాళ్ళ కష్టంలోంచే పుడుతుందని గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. బావ ముందు పోతాడు, కొత్తవలస దగ్గరో ఎస్.కోట దగ్గరో టీ కొట్టు ముందు ఆగుతాడు, నేను చేరేసరికి టీ తాగేసి, కాళ్ళు చాపుకుని విశ్రాంతి కూడా తీసుకుని, "పద బావా" అని లేస్తాడు. అంటే విశ్రాంతి కూడా వాడికే. మొత్తం 115 కిలోమీటర్లలో దాదాపు సగం ఇలాంటి చదును రోడ్డే, అక్కడ మాత్రం ఇలాంటి సైకిల్ కొన్నందుకు నన్ను నేను తిట్టుకోని కిలోమీటరు లేదు.

బొడ్డవర దగ్గర వెనక చక్రం కూర్చుంది. లారీ టైర్లు అరిగి రోడ్డు మీద రాలే సన్న తీగ ఉంటుంది చూడండి, అది గుచ్చుకుంది. ఏం పర్లేదు, స్పేర్ ట్యూబు ఉందిగా అని ధీమాగా సీటు కింద సంచి తీశాను. తీరా ఆ ట్యూబు, రెంచీల పక్కన ఏడాదిగా రాసుకుని రాసుకుని చిల్లు పడి ఉంది. కొత్త ట్యూబు, ఒక్కసారి కూడా వాడలేదు! అప్పట్నుంచి ట్యూబుని గుడ్డలో చుట్టి పెట్టుకుంటున్నాను, మీరూ అలాగే చెయ్యండి.

నడిపించుకుంటూ పంక్చర్ షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏటి బాబూ, ఇది ఎంతవుద్ది?" అన్నాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ట్యూబు ఊడదీసి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు పట్టుకుని, గీకి, సొల్యూషన్ రాసి, ప్యాచ్ అంటించి, పది నిమిషాల్లో రెండు ట్యూబులూ బాగుచేసేశాడు. నా సైకిల్ వాల్వు మోటార్ సైకిల్‌కి ఉండే రకమే కాబట్టి కంప్రెసర్ పైపు తిన్నగా పట్టేసింది. బావ కూడా గాలి కొట్టించుకుందామని వచ్చాడు గానీ, వాడిది సన్న వాల్వు, పైపు మూతి పట్టలేదు. పొద్దుట్నుంచి నాకు దొరికిన మొదటి ఆనందం అది.

ఘాట్ రోడ్డు మొదలయ్యాక లెక్క మారిపోయింది. నా సైకిల్‌కి ముందు పళ్ళ చక్రాలు మూడు, వాటిలో చిన్నదానికి 22 పళ్ళు, వెనక పెద్దదానికి 34. ఈ రెంటి మీదకి చెయిన్ వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినా బండి మీటరున్నర కదలడం కష్టం. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఐదు కిలోమీటర్లు. నడిచేవాడితో సమానం, కానీ ఆగకుండా పోతుంది, మోకాళ్ళు మొరాయించవు. ముందు ఫోర్కుకి, అంటే కుదుపులు మింగే స్ప్రింగు కాళ్ళకి, లాక్ ఉంది, అది బిగించాను, లేకపోతే తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగే ఊగుతూ తినేస్తుంది. ఈ ధరలో వచ్చే స్ప్రింగు ఫోర్కు ఒక్కటే రెండున్నర కిలోల దాకా తూగుతుంది, అరకు దాకా దాన్ని మోసిందీ నేనే. బావకి అంత చిన్న గేరు లేదు, టైడా దాటాక దిగి నెట్టడం మొదలెట్టాడు. నేను జాలి చూపించలేదు.

డముకు, అనంతగిరి. రోడ్డు పక్కన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు, ఎర్రగా పండిన కాయలు. 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన అరబికా కాఫీ ఇదే. కార్లలోంచి పిల్లలు చేతులూపుతారు, పెద్దలు మనకి పిచ్చేమో అన్నట్టు చూస్తారు. అనంతగిరిలో బొంగు చికెన్ తిని అరగంట కూలబడ్డాం. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, దారిలో వచ్చే గాలికొండ అంతకంటే ఎత్తు, అంటే కష్టపడి ఎక్కిన ఎత్తులో కొంత మళ్ళీ దిగేసి అరకు చేరాలన్నమాట. గాలికొండ దగ్గర ఆగితే చెమటకి తడిసిన చొక్కా మీద చలిగాలి కొట్టి పళ్ళు టకటకలాడాయి.

సాయంత్రం ఐదింటికి అరకులో ఉన్నాం. లాడ్జిలో సైకిళ్ళు గదిలోకి తీసుకెళ్తామంటే "పైకా?" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. రెండో అంతస్తుకి పద్నాలుగున్నర కిలోలు భుజాన మోశాను.

ఆదివారం పొద్దున్న మాడగడ కొండ మీద మబ్బులు చూడ్డానికి జనమంతా కార్లలో పోతుంటే, మేం ఊరి వెనక ఎర్రమట్టి దారి పట్టాం. టైర్లలో గాలి 50 నుంచి 35కి దించాను, ఫోర్కు లాక్ తీసేశాను. నిన్నంతా నన్ను ఏడిపించిన ఆ బొడిపెలే మట్టిని పట్టుకుంటుంటే, ట్రాక్టర్ చాళ్ళు, రాళ్ళు, చిన్న వాగు, అన్నీ తిన్నగా దాటుకుంటూ పోతుంటే, ఎక్కడో ఒక మూల ఇంకా మిగిలిన వలిసె పూల పసుపు, మంచు, కోడి కూతలు... అంతసేపూ 34 వేలు గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే బావ చక్రం జారి గడ్డిలో కూర్చుని ఉన్నాడు. "నువ్వు పద బావా" అన్నాడు, ఈసారి లేవకుండానే.

దిగడం వేరే కథ. ఎక్కేటప్పుడు భయం లేదు, దిగేటప్పుడే. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకూడదు, మలుపు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలెయ్యాలి, డిస్కుకి చల్లారే టైం ఇవ్వాలి. తెలిసి కూడా మొదటి ఐదారు మలుపుల్లో టెన్షన్‌తో నొక్కే ఉంచాను, వెనక డిస్కు కీచుమని అరిచింది, కాలిన వాసన వచ్చింది. ఆగి, నీళ్ళు తాగి, అది చల్లారాక మళ్ళీ బయల్దేరాను. ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు కాబట్టి ఒక్క వేలితో ఆగుతుంది. బావవి రిమ్ము బ్రేకులు, పాపం రెండు మలుపులకోసారి ఆగి రిమ్ము ముట్టుకుని చూసి, ఉఫ్ఫని వేళ్ళు ఊదుకున్నాడు.

బొడ్డవరలో పంక్చర్ షాపు ముందు ఆగాం. ప్యాచ్ నిలిచిందని చెబ్దామని. ఆయన సంతోషించి, "ఓపాలి తొక్కనా బాబూ?" అన్నాడు. లుంగీ ఎగ్గట్టి, రోడ్డు చివరిదాకా వెళ్ళి, గేర్లు టకటకా మార్చి, గతుకుల మీంచి కావాలని దూకించుకుంటూ వచ్చాడు. దిగి, ఆనించడానికి స్టాండు కోసం కాలితో రెండుసార్లు వెతికాడు. లేదు. చివరికి గోడకి ఆనించి, మళ్ళీ ఒకసారి పైకీ కిందకీ చూశాడు.

"బండి బాగుంది గాని బాబూ, అన్ని వేలు పెట్టారు కదా, వెనకాల క్యారేజీ ఇవ్వలేదేటి?"