మానిటర్ ఫ్యాన్ మార్పు: గోల పోయింది, ఈల మిగిలింది

మానిటర్ వెనక ఫ్యాన్ గోల పడలేక కొత్తది వేస్తే, గోల తగ్గి సన్నటి ఈల ఒకటి బయటపడింది. దాన్ని ఆపడానికి కెపాసిటర్ పెట్టగానే ఈల ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే ఫ్యాన్ ఫుల్ స్పీడ్ అందుకుంది, ఇక తగ్గనంటోంది. ఒక శబ్దాన్ని చంపితే ఇంకోటి లేచింది. కారణం తేలింది, మందు కూడా దొరికింది కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను.

మానిటర్ 27 అంగుళాల 4కె, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపే పద్ధతి) తరం జీ-సింక్ మాడ్యూల్, అంటే గ్రాఫిక్స్ కార్డు వేగానికి తెరను జత కలిపే ఎన్విడియా బోర్డు, ఉన్నది. ఆ మాడ్యూల్లో ఉండేది బొమ్మను తెర సైజుకు మార్చే మామూలు స్కేలర్ చిప్ కాదు, ఆరియా 10 ఎఫ్‌పీజీఏ (కావలసిన పనికి తగ్గట్టు మలుచుకునే చిప్), పక్కనే 3 జీబీ డీడీఆర్4 మెమరీ. బాగా వేడెక్కే సరుకు. అందుకే "ఫ్యాన్ పీకి పారేయండి" అనే సలహా ఇక్కడ పనికిరాదు.

పాత ఫ్యాన్ 40×40×10 మిల్లీమీటర్లు, 12 ఓల్టులు, రెండు వైర్లు, ఏడు రెక్కలు. శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి చూపే స్పెక్ట్రమ్ యాప్‌లో 560 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత. ఒక్కో చుట్టుకు ఏడు రెక్కలు దాటుతాయి కాబట్టి ఏడుతో భాగించి అరవైతో గుణిస్తే 4800 ఆర్‌పీఎం. దాని స్థానంలో నోక్టువా ఎన్ఎఫ్-ఎ4×10 ఎఫ్ఎల్ఎక్స్ వేశాం: అదే సైజు, స్క్రూ రంధ్రాల మధ్య అదే 32 మిల్లీమీటర్లు, గరిష్ఠం 4500 ఆర్‌పీఎం. ఫ్యాన్ వేగం చెప్పే మూడో వైరును హీట్‌ష్రింక్‌తో (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) మూసేశాం. 50 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ మీటర్ 34 నుంచి 27 డెసిబెళ్లకు దిగింది. ఫోన్ చూపే అంకెను నమ్మక్కర్లేదు, తేడాను నమ్మొచ్చు. అదీ సీలింగ్ ఫ్యాన్, ఏసీ రెండూ ఆపి కొలిస్తేనే. డబ్బాలో వచ్చే, సోల్డరింగ్ లేకుండా వైర్లు కలిపే ఆమ్నిజాయిన్ జాయింట్లు ఈ మానిటర్ వెనక మూతలో పట్టవు, లావెక్కువ. సోల్డరింగే నయం. పాత ఫ్యాన్ బుష్‌లో (ఇరుసు తిరిగే గొట్టం) కుట్టు మిషన్ నూనె వేసే పద్ధతి కొన్ని వారాలకు మించి నిలవదు. అరిగిన బుష్‌ను నూనె పూడ్చదు కదా.

గోల తగ్గాక బయటపడింది ఈల. చెవి పక్కన దోమ తిరిగినట్టు సన్నగా, ఆగకుండా. యాప్‌లో 980 హెర్ట్జ్ దగ్గర ఒక గీత, 1960 దగ్గర ఇంకోటి, 2940 దగ్గర మసగ్గా మూడోది. ఇది పాత ఫ్యాన్‌తోనూ ఉండే ఉంటుంది, ఆ హోరులో కలిసిపోయి వినపడలేదంతే.

మొదటి అనుమానం రెక్కల మీద. హబ్‌ను వేలితో తాకి వేగం తగ్గిస్తే గాలి శబ్దం కిందికి జారింది, 980 మాత్రం కదల్లేదు. రెక్కల పని కాదు. తర్వాత అనుమానం బిగింపు మీద. ఫ్యాన్‌ను వైర్లతో గాల్లో వేలాడదీస్తే ఈల సగమైంది, వెనక మూతకు ఆనిస్తే పెరిగింది. అంటే పల్చటి ప్లాస్టిక్ మూత ఈలను పెద్దది చేస్తోంది, పుట్టిస్తున్నది వేరేది. రబ్బరు పిన్నులు పెడితే తగ్గింది మూడు డెసిబెళ్లే. చివరికి ఫ్యాన్‌ను బోర్డు నుంచి విడదీసి 9 ఓల్టుల బ్యాటరీకి కలిపాం. ఈల పూర్తిగా మాయం. దొంగ బోర్డులోనే ఉన్నాడు.

ఎర్ర వైరులో ఎప్పుడూ 12 ఓల్టులే. నల్ల వైరును బోర్డు సెకనుకు 980 సార్లు గ్రౌండ్‌కు కలిపి తెంచుతోంది. ఆన్‌లో ఉండే వాటా ఆన్ చేసిన కొత్తల్లో 30 శాతం, గంట వాడాక 55, హెచ్‌డీఆర్ ఆటలో 80. ప్రతి కోతకూ మోటారు చుట్ట అదురుతుంది, అదే ఈల. నాలుగు వైర్ల ఫ్యాన్లకు ఇంటెల్ నిర్దేశించింది 25 కిలోహెర్ట్జ్, మనిషి చెవికి అందదు. ఇక్కడ సరిగ్గా చెవికి గుచ్చుకునే చోటే నడుపుతున్నారు.

ఫ్యాన్ రెండు వైర్ల మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం అందరికీ మొదట తోచే మందు. ఎందుకు చెడింది? ఆన్ అయిన క్షణంలోనే కెపాసిటర్ 12 ఓల్టులకు నిండిపోతుంది. ఆఫ్ ఉండేది 0.7 మిల్లీసెకను, ఫ్యాన్ లాగేది 50 మిల్లీఆంపియర్లు, ఆ కాస్త సమయంలో ఓల్టేజి పడేది 0.35 మాత్రమే. ఫ్యాన్‌కు ఎప్పుడూ దాదాపు 12 ఓల్టులే. పైగా నిండేటప్పుడు దూకే కరెంటంతా బోర్డు మీద స్విచ్‌లా పనిచేసే చిన్న మాస్‌ఫెట్ మోయాలి. ఎక్కువసేపు అలా ఉంచొద్దు.

తర్వాత 100 మైక్రోహెన్రీ కాయిల్ సిరీస్‌లో, 1ఎన్5819 డయోడ్ గీత 12 ఓల్టుల వైపు. కాగితం మీద చక్కటి బక్ కన్వర్టర్, అంటే ఓల్టేజిని తగ్గించే సర్క్యూట్. ఫ్యాన్ మళ్లీ ఫుల్ స్పీడే! ఈ ఫ్రీక్వెన్సీలో, 50 మిల్లీఆంపియర్ల దగ్గర, కాయిల్లో కరెంటు ప్రతి కోతలో సున్నాకు పడిపోకుండా ఉండాలంటే కనీసం 30 మిల్లీహెన్రీలు కావాలి. మన దగ్గరున్నది అందులో మూడు వందలో ఒక వంతే. అంత కాయిల్ వేస్తే మూత మూసుకోదు.

పనిచేసింది: ఫ్యాన్ రెండు వైర్ల మధ్య 470 మైక్రోఫారడ్, 25 ఓల్టుల, 105 డిగ్రీల కెపాసిటర్, నల్ల వైరులో 47 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్. 980 గీత పోయింది.

రెసిస్టర్ కెపాసిటర్‌కూ బోర్డుకూ మధ్య ఉండాలి, ఫ్యాన్‌కూ కెపాసిటర్‌కూ మధ్య పెడితే లాభం లేదు. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడే దాని గుండా కరెంటు పారుతుంది కాబట్టి వేగం నియంత్రణ కూడా బతికే ఉంది: 30 శాతానికి 7.3 ఓల్టులు, 55కి 8.8, 80కి 9.6. అలల ఎత్తు 50 మిల్లీఓల్టుల లోపే. పసుపు, వంకాయ రంగు, నలుపు పట్టీల ఈ రెసిస్టర్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చిల్లర డబ్బులకే ఇస్తారు. కెపాసిటర్‌ను పడుకోబెట్టి వేడిని తట్టుకునే క్యాప్టన్ టేపుతో అంటించాలి, నిలబెడితే మూతకు తగులుతుంది.

ఇక వేడి. గది 31 డిగ్రీలున్నప్పుడు హీట్‌సింక్ మామూలు వాడకంలో 57 నుంచి 61కి, హెచ్‌డీఆర్‌లో 66 నుంచి 70కి పెరిగింది. ఫ్యాన్ చుట్టూ 3 మిల్లీమీటర్ల సందులోంచి వేడి గాలి తిరిగి లోపలికే వస్తోందని అనుమానం, ఫోమ్ పట్టీ వేసి చూడాలి. మే నెలలో గది 38కి చేరితే ఈ లెక్కన హీట్‌సింక్ 77, లోపలి చిప్ అంతకన్నా ఎక్కువే. అప్పటికి 33 ఓమ్‌లకు మారిస్తే 80 శాతం దగ్గర 10.2 ఓల్టులు అందుతాయి. కాస్త శబ్దం పెరిగినా ఎండాకాలానికి అదే మేలు.

ఆ తర్వాత 60 మిల్లీమీటర్ల నోక్టువా ఫ్యాన్ ఎన్ఎఫ్-ఎ6×25 మీద కన్నుంది. 3000 ఆర్‌పీఎంకే మూడు రెట్లకు పైగా గాలి తోస్తుంది. మందం 25 మిల్లీమీటర్లు కాబట్టి మూత బయటే బిగించాలి, 60 నుంచి 40కి సన్నబడే డక్ట్ (గాలి గొట్టం) 3డీ ప్రింటర్‌లో ప్రింట్ చేయాలి. ప్రింటింగ్ ప్లాస్టిక్‌లలో పీఎల్ఏ ఆ వేడికి మెత్తబడుతుంది, పీఈటీజీ అయితే 70 దాకా ఓర్చుకుంటుంది కానీ అంచు మీదే, ఏబీఎస్ ఖాయం. మానిటర్ ఆర్మ్ పలకకు ఫ్యాన్ తగలకుండా ఉండాలంటే మధ్యలో ఎడం ఉంచే 30 మిల్లీమీటర్ల స్టాండాఫ్‌లు నాలుగు కావాలి. కరెంటు ఎక్కువ లాగే ఫ్యాన్ కాబట్టి 47 ఓమ్‌ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.