చెన్నైలో వేలు తెగినా శ్రీకాకుళంలోనే కేసు వేయొచ్చు

సోంపేట, కవిటి వైపు నుంచి చెన్నైకో హైదరాబాదుకో సెంట్రింగ్ పనికి వెళ్లినవాళ్లకు దెబ్బ తగిలితే మొదట వినపడేది ఒకటే మాట: "నువ్వు మేస్త్రీ మనిషివి, కంపెనీకి సంబంధం లేదు." నమ్మకండి. కంపెనీ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చినా పరిహారం కంపెనీనే అడగొచ్చు. కట్టిన డబ్బు కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవడం వాళ్ల తలనొప్పి. దరఖాస్తు వేయడానికి చెన్నై దాకా పోనక్కర్లేదు, కార్మికుడు నివాసముండే చోటే వేయొచ్చు.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పనికి వెళ్లొచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. పరిహారం లెక్కగట్టే పద్ధతి మాత్రం పాతదే.

లెక్క ఎలాగో చూద్దాం. వయసు 30. రోజుకు 800 చొప్పున 26 రోజులకు 20,800 వస్తాయి. కానీ లెక్కకు తీసుకునేది 15,000 వరకే (2020 జనవరి 3 నుంచి ఉన్న పరిమితి ఇది). అందులో 60 శాతం 9,000. వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకం ముప్పై ఏళ్లకు 207.98. గుణిస్తే 18,71,820. పూర్తిగా పని చేయలేని స్థితికి వచ్చేది ఇది. చేతి బొటనవేలు మొత్తం పోతే 30 శాతం కాబట్టి 5,61,546. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. మనిషి చనిపోతే 60 బదులు 50 శాతం, అంటే 15,59,850. వైద్యం ఖర్చు వేరుగా అడగాలి, బిల్లులు పారేయొద్దు.

వేలు తెగితే శాతం చట్టంలోనే రాసుంది. నడుం విరిగితే అలా ఉండదు, సంపాదించే శక్తి ఎంత పోయిందో డాక్టరు చెప్పాలి. సదరం (వికలాంగ) సర్టిఫికెట్‌లోని శాతం దీనికి సమానం కాదు. చాలామంది అదొక్కటి పట్టుకుని వచ్చి దెబ్బతింటారు.

అసలు కేసులు పోయేది ఆసుపత్రి చీటీ దగ్గర. పోలీసు గొడవ ఎందుకని తోడొచ్చినవాళ్లు "ఇంటి దగ్గర జారిపడ్డాడు" అని రాయించేస్తారు. రెండేళ్ల తర్వాత అవతలి వకీలు చదివేది ఆ ఒక్క లైనే. "సైటులో కటింగ్ మిషన్ తగిలింది" అని తేదీ, టైముతో రాయించండి. మేస్త్రీ హాజరు పుస్తకం పేజీ ఫోటో, ఫోన్‌పేలో కూలి పడిన వివరాలు, పక్కన పనిచేసినవాళ్ల ఫోన్ నంబర్లు ఆ వారంలోనే తీసి పెట్టుకోవాలి. ప్రమాదం సంగతి యజమానికి రాతలో చెప్పాలి, వాట్సాప్‌లో కూడా పెట్టండి.

"తాగున్నాడు, హెల్మెట్ తీసేశాడు" అనే సాకు ప్రాణం పోయినా, పూర్తి అంగవైకల్యం వచ్చినా చెల్లదు.

సంతకం పెట్టించుకుని చేతిలో లక్ష పెట్టి పంపేయడం మామూలే. మరణం కేసులో పరిహారం కార్మిక శాఖ అధికారి దగ్గరే జమ చేయాలి. కుటుంబానికి నేరుగా ఇచ్చినది, మూడు నెలల జీతం లోపు అడ్వాన్సు తప్ప, పరిహారం కింద లెక్కకు రాదు. గాయాల కేసులో రాజీపత్రం రిజిస్టరు కాకపోతే దానికి బలం లేదు.

జీతంలోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కట్ అవుతున్నవాళ్లకు ఈ దారి లేదు, అక్కడే అడగాలి. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ముందు పే స్లిప్ చూసుకోండి.

గడువు రెండేళ్లు. నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం దాకా జరిమానా కూడా పడొచ్చు. దరఖాస్తులో ఈ రెండూ విడిగా అడగండి.