బాక్స్ మార్చాలా, సెట్టింగ్ మార్చాలా?

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో టీవీ మీద బొమ్మ ఆగి ఆగి వస్తున్నా నన్నే పిలుస్తారు. స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటున్నాం. పిలిచినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే: కొత్త టీవీ బాక్స్ కొనాలా, లేక అప్‌డేట్ కొడితే సరిపోతుందా? గాజువాకలో ఉండే మా బావమరిది కూడా మొన్న ఫోన్ చేసి అదే అడిగాడు. "బావా, ఈ బాక్స్ పాతదైపోనాది. కొత్తది తీసీమంటావేటి?"

"ఏది పెడితే ఆగుతోందిరా?" అన్నాను.

"అన్నీ ఆగుతున్నాయి బావా."

అన్నీ ఒకే కారణంతో ఆగవు. ఫోన్‌లో తీసిన వీడియో ఆగడం వేరు, ఓటీటీలో సినిమా మసకగా రావడం వేరు, మెనూ నొక్కితే రెండు సెకన్లకి కదలడం వేరు. ప్లాంట్‌లో కంట్రోల్ రూములో ఒక రీడింగ్ తేడాగా వస్తే ముందే ట్రాన్స్‌మిటర్ విప్పేసేవాళ్ళం కాదు. సెన్సర్ దగ్గర మొదలుపెట్టి, కేబుల్, జంక్షన్ బాక్స్, ఇన్‌పుట్ కార్డు వరకు లూప్ మొత్తం చెక్ చేసి, తేడా ఎక్కడుందో పట్టుకున్నాకే చెయ్యి పెట్టేవాళ్ళం. టీవీ బాక్స్‌కి కూడా నేను అదే చేస్తాను. ఫైలు, నెట్‌వర్క్, డీకోడర్ (కుదించిన వీడియోని విప్పి బొమ్మగా మార్చేది), హెచ్‌డీఎంఐ కేబుల్, టీవీ. వీటిలో ఏ గొలుసు తెగిందో తెలియకుండా డబ్బు తీయకూడదు.

ముందు మా ఇంట్లో ఏముందో చెప్తాను. టీవీ వెనక రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, అందులో లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద వీడియోలు ఆడించే కోడి. నా బాక్స్ అంటే ఇదే. పక్కగదిలో పాత డెస్క్‌టాప్ మీద, ఇంట్లోని వీడియోలన్నీ దాచి టీవీకి పంపే జెల్లీఫిన్ సర్వర్. అందులో ఉన్నవి చాలావరకు మా సొంత వీడియోలు: అబ్బాయి అమెరికా నుంచి పంపే మనవరాలి వీడియోలు, మా పెళ్ళి దగ్గర్నుంచి అబ్బాయి పెళ్ళి దాకా ఉన్న వీహెచ్‌ఎస్ టేపుల నుంచి ఎక్కించినవి. ఓటీటీలకి వేరే స్టిక్ ఉంది. ఈ రెండిటినీ కలపలేదు, ఎందుకో కింద చెప్తాను.

మనవరాలు కూచిపూడి నేర్చుకుంటోంది. ఆ అరంగేట్రం వీడియో ఐఫోన్‌లో 4కె, సెకనుకు 60 ఫ్రేములతో తీసి పంపాడు. ఆ రికార్డింగ్ నిమిషానికి దాదాపు 400 ఎంబీ తింటుంది, అంటే సెకనుకు 53 మెగాబిట్లు. ఓటీటీ వాళ్ళు 4కె సినిమాకి అడిగేది 15 నుంచి 25 మెగాబిట్లు. కాబట్టి "మాకు నెట్‌ఫ్లిక్స్ బాగానే వస్తోంది, ఇది ఎందుకు ఆగుతోంది" అన్న మాటకి ఇక్కడే సగం జవాబు ఉంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. పిల్ల జతి మొదలుపెట్టగానే బొమ్మ నిలబడిపోయేది, కాసేపటికి మళ్ళీ కదిలేది. మా ఆవిడ "కొత్త బాక్స్ కొనేయండి, పిల్ల డాన్స్ కూడా చూడలేకపోతున్నాం" అంది.

కోడిలో వీడియో ఆడుతుండగా కీబోర్డ్ మీద ఇంగ్లీషు O అక్షరం నొక్కితే తెర మీద ఒక పలక వస్తుంది. డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే చిప్పులోని ప్రత్యేక సర్క్యూటే పని చేస్తున్నట్టు. ఎస్‌డబ్ల్యూ అని ఉంటే మామూలు ప్రాసెసర్ మీద భారం పడుతున్నట్టు. కొత్త బాక్స్ అవసరమా కాదా అన్నదానికి ఇంతకన్నా నిక్కచ్చి పరీక్ష నాకు తెలియదు, అదీ పైసా ఖర్చు లేకుండా. నా వీడియోకి హెచ్‌డబ్ల్యూ అనే ఉంది. పై 4లో హెచ్‌ఈవీసీకి (ఆ వీడియోని కుదించిన పద్ధతి పేరు) 4కె 60 ఫ్రేముల వరకు హార్డ్‌వేర్ డీకోడర్ ఉంది. ప్రాసెసర్ కూడా ఖాళీగానే ఉంది. బఫర్, అంటే ముందుగా తెచ్చిపెట్టుకునే డేటా, మాత్రం ఖాళీ అయిపోతోంది. అంటే డేటా సరిగా చేరడంలేదు.

బాక్స్ వైఫైలో ఉంది, అదీ 2.4 గిగాహెర్ట్జ్‌లో. మా ఫ్లాట్‌లో కూర్చుని చూస్తే చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి, అన్నీ అవే మూడు చానళ్ళ మీద కొట్టుకుంటుంటాయి. దానికి తోడు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ బాక్స్‌ని ఆనుకుని ఉంది. యూఎస్‌బీ 3 కేబుల్, కనెక్టర్ల నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుంది. ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద ఒక పత్రం ఇచ్చారు. బ్లూటూత్ రిమోట్ తడబడితే కూడా చాలాసార్లు ఇదే కారణం. డిస్క్‌ని పొడవాటి కేబుల్‌తో కింది అరలోకి జరిపాను, రిమోట్ కుదురుకుంది. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను, వీడియో చాలావరకు బాగుపడింది. చివరికి గోడ అంచున క్యాట్ 6 వైరు లాగేశాను. పై 4లో గిగాబిట్ పోర్టు ఉంది కాబట్టి ఇక అరంగేట్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్క చోట ఆగలేదు. ఇది నెట్‌వర్క్ సమస్య. బాక్స్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. చాలా స్మార్ట్ టీవీలకి లాన్ పోర్టు 100 మెగాబిట్లే. ఓటీటీకి అది చాలు. ఇంట్లో పెద్ద ఫైళ్ళు ఆడించేవాళ్ళు మాత్రం వైరు పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకుండా పోర్టు వేగం చూసుకోవాలి.

రెండో సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఏదీ ఆగదు, కానీ కెమెరా పక్కకి తిరిగినప్పుడు బొమ్మ చిన్నగా కుదుపుతుంది. చాలామంది దీన్ని ప్రాసెసర్ నీరసం అనుకుంటారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు తెర మారుస్తుంది. 24 అరవైలోకి సమంగా పట్టదు, అందుకని ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపిస్తారు. ఆ అసమానమే కుదుపు. కోడిలో డిస్‌ప్లే రిఫ్రెష్ రేటు సర్దుబాటు అనే సెట్టింగ్ మామూలుగా ఆపి ఉంటుంది. అది ఆన్ చేస్తే వీడియో వేగాన్ని బట్టి టీవీని 24కో 50కో మార్చుకుంటుంది. మన పాత టేపులన్నీ పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు, అవి 50 మీద ఎంత హాయిగా ఆడతాయో చూస్తే గానీ తెలియదు. అబ్బాయి పెళ్ళి ఊరేగింపులో సన్నాయి వాయించేవాళ్ళ మీదుగా కెమెరా జరిగే చోటు ఒకటి ఉంది, నేను ఇప్పుడు ఎవరి బాక్స్ సరిచేసినా అలాంటి చోటే పెట్టి చూస్తాను.

ఆ టేపులకే ఇంకో చిక్కు. పాల్ వీడియోలో ఒక్కో ఫ్రేమునీ సరి గీతలు, బేసి గీతలు అని రెండు భాగాలుగా రికార్డ్ చేస్తారు. ఆ రెండిటినీ కలిపే పని (డీఇంటర్లేసింగ్) సరిగా లేకపోతే కదిలే చెయ్యి అంచున దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తాయి. ఇదీ సాఫ్ట్‌వేర్ సంగతే. టేపుల నుంచి చేసినవి ఎంపెగ్-2 ఫైళ్ళు. పై 4లో ఎంపెగ్-2కి ప్రత్యేక సర్క్యూట్ లేదు, అయినా అంత చిన్న బొమ్మని మామూలు ప్రాసెసరే అలవోకగా ఆడిస్తుంది. కాబట్టి ఎస్‌డబ్ల్యూ అని కనిపించిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు, ప్రాసెసర్ మీద ఎంత భారం పడుతోందో కూడా చూడాలి.

తెలుగు సబ్‌టైటిల్స్ విషయం తప్పక చెప్పాలి. మా కోడలికి తెలుగు బాగా రాదు, అందుకని కొన్ని వీడియోలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్, మనవరాలు తెలుగు చదవడం నేర్చుకోవాలని ఇంకొన్నిటికి తెలుగువి పెట్టాను. మొదట్లో ఒత్తులు విడిపోయి పక్కన పడేవి, కొన్ని అక్షరాలకి డబ్బాలు వచ్చేవి. పిల్ల అలా తప్పుగా చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది. దీనికి ఏ బాక్స్ కొన్నా లాభంలేదు. తెలుగు అక్షరాలున్న ఫాంటు కావాలి, ఒత్తుల్ని సరైన చోట కూర్చే సాఫ్ట్‌వేర్ కావాలి. లిబాస్ అనే సబ్‌టైటిల్ లైబ్రరీ ఆ కూర్పుని హార్ఫ్‌బజ్ అనే ఇంకో లైబ్రరీ చేత చేయిస్తుంది. కోడిని కొత్త వెర్షన్‌కి మార్చి, నోటో సాన్స్ తెలుగు ఫాంటుని దాని ఫాంట్ల ఫోల్డర్‌లో వేసి, సబ్‌టైటిల్ సెట్టింగ్‌లో ఎంచుకున్నాక "స్త్రీ", "రాష్ట్రం" లాంటివి కూడా చక్కగా వస్తున్నాయి. అప్‌డేట్ వల్ల నేను పొందిన అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే.

జెల్లీఫిన్ వాడేవాళ్ళకి ఒక మాట. సర్వర్ ఫ్యాను గట్టిగా మోగుతోందంటే డ్యాష్‌బోర్డు తెరిచి చూడండి. ఫైలు నేరుగా పోతోందా, ట్రాన్స్‌కోడ్ (వేరే రూపంలోకి మళ్ళీ తయారు) అవుతోందా, ఎందుకవుతోందో కారణంతో సహా అక్కడ రాసి ఉంటుంది. బ్లూరే నుంచి వచ్చే బొమ్మ రూపం సబ్‌టైటిల్స్‌ని చాలా టీవీ యాప్‌లు చూపించలేవు, అందుకని సర్వర్ వీడియో మొత్తాన్ని మళ్ళీ తయారుచేస్తుంది. అవే మాటలు ఎస్‌ఆర్‌టీ అనే మామూలు అక్షరాల ఫైలుగా పెడితే ఆ శ్రమంతా పోతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన శత్రువులు కరెంటూ ఉప్పుగాలీ. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పాత ఫోన్ చార్జర్ పెడితే, వోల్టేజి 4.63 కన్నా పడిపోగానే తెర మూల చిన్న పసుపు మెరుపు గుర్తు వస్తుంది, ప్రాసెసర్ తన వేగం తగ్గించేసుకుంటుంది. అప్పుడు మనిషికి తోచేది "బాక్స్ స్లో అయిపోయింది" అనే. వేడికి కూడా అంతే, 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గిస్తుంది. మే నెలలో తలుపులు మూసిన టీవీ అరలో పెడితే ఆ 80 ఎంతో దూరం కాదు. ఇక బీచ్‌కి దగ్గరగా ఉన్న ఇళ్ళలో హెచ్‌డీఎంఐ పిన్నుల మీద పచ్చటి పొర పడుతుంది. బొమ్మ మిణుకుమిణుకుమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కేబుల్ మార్చి చూడండి. తుపాను రోజుల్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మెమరీ కార్డులు పాడవుతాయి. నేను సిస్టమ్‌ని ఎస్‌ఎస్‌డీ మీదకి మార్చి, రౌటర్‌కీ బాక్స్‌కీ చిన్న యూపీఎస్ పెట్టాను. ఇది హార్డ్‌వేరే, కానీ బాక్స్ కాదు.

మరి నిజంగా బాక్స్ మార్చాల్సింది ఎప్పుడు? చిప్పులో లేనిదాన్ని ఏ అప్‌డేటూ తేలేదు. వీడియోని కుదించే పద్ధతులు మారుతూ వచ్చాయి, ఒక్కోదానికి చిప్పులో వేరే సర్క్యూట్ కావాలి: హెచ్.264 2003 నాటిది, హెచ్‌ఈవీసీ 2013 నాటిది, ఏవీ1 2018లో వచ్చింది. యూట్యూబ్ ఇప్పుడు ఏవీ1ని బాగా వాడుతోంది. పై 4లో ఏవీ1కి సర్క్యూట్ లేదు. 2023లో వచ్చిన పై 5లోనూ లేదు, పైగా అందులో హెచ్.264 సర్క్యూట్ కూడా తీసేశారు, ఆ పని ప్రాసెసరే చేసుకోవాలి. అంకె పెరిగిందని అన్నీ పెరిగాయనుకుని కొనేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఒక జీబీ ర్యామ్ ఉన్న స్టిక్కులు కూడా అంతే. యాప్‌లు బరువెక్కాయి, ర్యామ్ బోర్డుకి అతికి ఉంటుంది, మనం పెంచలేం. అనవసరమైన యాప్‌లు తీసి, స్టోరేజి ఖాళీ చేస్తే కొంతకాలం నడుస్తుంది.

బావమరిది ఇంటికి వెళ్ళి చూస్తే అతనిది ఇంకో కథ. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్స్, 4కె, 8కె అని మీద అచ్చేసి ఉంది. డీఆర్‌ఎం (సినిమాని కాపీ కాకుండా కాపాడే తాళం) వివరాలు చూపే చిన్న యాప్ వేసి చూస్తే వైడ్‌వైన్ ఎల్3 అని వచ్చింది, అంటే గూగుల్ వాళ్ళ ఆ తాళంలో అట్టడుగు స్థాయి. పెద్ద ఓటీటీలు హెచ్‌డీ ఇవ్వాలంటే పై స్థాయి ఎల్1 కావాలి. ఆ తాళంచెవులు ఫ్యాక్టరీలోనే చిప్పులో పెట్టాలి, మనం ఎక్కించుకునేవి కావు. అతను నెలనెలా హెచ్‌డీకి డబ్బు కట్టి మసక బొమ్మ చూస్తున్నాడు. అంతకన్నా నన్ను భయపెట్టింది వేరే. ఇలాంటి చవక బాక్సుల్లో కొన్నిటికి మాల్‌వేర్ లోపల ముందే ఉండి వస్తుంది. 2025 జూన్‌లో బాడ్‌బాక్స్ 2.0 అనే అలాంటి మాల్‌వేర్ మీద అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది. అదే వైఫైలో మరదలు ఫోన్‌లో బ్యాంకు పనులు చేసుకుంటుంది.

"అప్‌డేట్ కొడితే అవదా బావా?"

"దీనికి ఇచ్చేవాడెవడ్రా? ముందు వైరు పీకీ."

పీకేశాం. సర్టిఫికెట్ ఉన్న మామూలు స్టిక్ ఒకటి పెట్టాం. మా ఇంట్లో ఓటీటీని కోడి నుంచి వేరుగా ఉంచిందీ అందుకే, తాళాలున్న సినిమాలకి తాళంచెవి ఉన్న పెట్టె, మన ఫైళ్ళకి మన చేతిలో ఉండే పెట్టె.

నా పై 4ని ఇప్పుడప్పుడే మార్చను. మార్చే రోజు వస్తే ఏవీ1 డీకోడర్, గిగాబిట్ పోర్టు, హెచ్‌డీఎంఐ 2.0 ఉన్నవే చూస్తాను. ఈలోగా ఆ డబ్బు వీసీఆర్ మీద పెడుతున్నాను. కొత్త వీసీఆర్లు చేసే చివరి పెద్ద కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది, మన గాలిలోని తేమకి టేపుల మీద బూజు పడుతోంది. హెడ్ శుభ్రం చేయించి, బెల్టు మార్పించాను. ఈ వానాకాలం రాకముందే మా నాన్నగారు మాట్లాడిన టేపుల్ని ముందు ఎక్కించాలి, తర్వాతే మిగతావి.