డాలర్లలో ఎంత, రూపాయల్లో ఎంత

బోర్డు మీద నా అక్షరాలు రానురాను చిన్నవైపోయాయి. లైను మొదట్లో బాగానే ఉండేవి, చివరికొచ్చేసరికి చీమతలకాయలంత. వెనక బెంచీ పిల్లలు "కనపడల్యా టీచర్" అనేవాళ్లు. అనంతపురంలోనే న్యూరాలజిస్టు నన్ను నడిపించి, చేయి వంచి చూసి పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, అని తేల్చారు. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగడం లేదని ఆయన చెప్పేదాకా ఇంట్లో ఎవరమూ గమనించలేదు.

ఈ జబ్బుకి ఇచ్చే సిండోపా మాత్ర కొన్నేళ్లు బాగా పనిచేసింది. తర్వాత మాత్ర దిగిపోతే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి, డోసు పెంచితే ఒళ్లు దానంతటదే మెలికలు తిరిగేది. పప్పన్నం తిన్న పూట మాత్ర అసలు ఎక్కేదే కాదు. ప్రొటీనూ ఈ మందూ ఒంట్లోకి వెళ్లడానికి ఒకే దారిలో పోటీ పడతాయట. అప్పుడే డాక్టరు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అనే ఆపరేషన్ మాట ఎత్తారు. మెదడులోకి సన్నటి తీగలు దింపి, ఛాతీలో చర్మం కింద పెట్టిన బ్యాటరీ నుంచి కరెంటు పంపిస్తారు. జబ్బు పోదు, లక్షణాలు తగ్గుతాయి. ఆ తేడా ఆయన విడమరిచి చెప్పినందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు ఫోన్లో ఒకటే పట్టు. "అక్కా, ఇక్కడికి వచ్చెయ్. ఇక్కడ ఇరవై ఏళ్ల పైనుంచే పార్కిన్సన్స్‌కి ఈ ఆపరేషన్ చేస్తున్నారు. డబ్బు సంగతి నాకొదిలెయ్." వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్ల ఇన్సూరెన్స్ పాత జబ్బుకి సాధారణంగా పనికిరాదు. చేతి నుంచి కట్టాలంటే అన్నీ కలిపి లక్ష డాలర్ల దాకా పోవచ్చని వాడు కనుక్కున్న ఆసుపత్రిలోనే చెప్పారు. బెంగళూరులో మాకు చెప్పింది పది లక్షల పైచిలుకు, రీఛార్జ్ బ్యాటరీ అయితే ఇంకో మూడు నాలుగు లక్షలు.

మా ఆయన రెండు లెక్కలూ పక్కపక్కన రాశారు. మన దగ్గర బిల్లులో పెద్ద భాగం మిషన్‌దే. అది మెడ్‌ట్రానిక్, అబాట్, బోస్టన్ సైంటిఫిక్ లాంటి కంపెనీల నుంచి దిగుమతి అయ్యేదే, అమెరికాలో పెట్టేదీ అవే కంపెనీలవి. మిగతాది డాక్టర్ల ఫీజు, థియేటరు, గది అద్దె. అక్కడ కొండెక్కేది ఆ మిగతాదే.

ఆపరేషన్ తర్వాత ప్రోగ్రామింగ్ ఉంటుంది. కరెంటు ఎంత, ఏ తీగకి, ఏ కొసన అనేది కొద్దికొద్దిగా మారుస్తూ, మాత్రలు తగ్గిస్తూ నెలల తరబడి తిరగాలి. అమెరికాలో పెట్టించుకుని వస్తే దానికి ఎక్కడికి పోవాలి? అనంతపురం నుంచి బెంగళూరికి పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. మా నిర్ణయం అక్కడే అయిపోయింది. మామూలు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లకి మార్చాలి, మార్చిన ప్రతిసారీ మళ్లీ లక్షలే. అందుకే పదిహేనేళ్ల దాకా వస్తుందన్న రీఛార్జ్ రకమే తీసుకున్నాం. ఇంకో మాట. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ, డీబీఎస్‌ని ఆరోగ్య పాలసీలు కవర్ చెయ్యాల్సిన ఆధునిక చికిత్సల్లో చేర్చింది. కంపెనీ పరిమితి పెట్టొచ్చు, పూర్తిగా కాదనకూడదు. మాకు అలాగే కొంత వచ్చింది.

ఆపరేషన్‌కి నేను పనికొస్తానా అని తేల్చుకోడానికి, ముందు రోజు రాత్రి నుంచి మాత్రలు ఆపి పరీక్ష చేశారు. మంచం మీద పక్కకి తిరగలేకపోయాను. పొద్దున మాత్ర వేసి మళ్లీ చూశారు. మాత్రకి ఒళ్లు బాగా లొంగితేనే ఆపరేషన్ పనిచేస్తుందట. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెట్టారు.

ఆపరేషన్ రోజు తలకి లోహపు చట్రం బిగించారు. మత్తు తలపైన చర్మానికి మాత్రమే, నేను మెలకువగానే ఉన్నాను. డ్రిల్లు చప్పుడు పుర్రె మొత్తం అదిరేలా వినపడింది. తర్వాత స్పీకర్లోంచి గరగరమని శబ్దం వచ్చింది. "అది మీ మెదడు కణాల చప్పుడేనమ్మా" అన్నారు డాక్టరు. చెయ్యి ఎత్తమన్నారు, వేళ్లు ఆడించమన్నారు, వారాల పేర్లు చెప్పమన్నారు. కరెంటు పెట్టగానే కుడిచేతి వణుకు ఆగింది. నా చెయ్యినే చూస్తూ ఏడ్చేశాను. నర్సమ్మ కళ్లు తుడిచింది.

కుట్లు మానాక మిషన్ ఆన్ చేశారు. మొదట్లో ఒకసారి కరెంటు ఎక్కువై నాలుక మొద్దుబారింది, మళ్లీ తగ్గించారు. మాత్రలు సగానికి పైగా తగ్గాయి, మెలికలు పోయాయి. గొంతు మాత్రం సన్నగానే ఉంది, మలుపు తిరిగేటప్పుడు తూలడం కూడా ఉంది. ఈ రెండిటికీ డీబీఎస్ పెద్దగా సాయం చెయ్యదని ముందే చెప్పారు. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ చేస్తున్నాను. టీవీ చూస్తూ బ్యాటరీ ఛార్జ్ చేసుకుంటాను. ఒంట్లో ఈ మిషన్ ఉందని చెప్పే కార్డు ఎప్పుడూ పర్సులోనే ఉంటుంది. ఫిజియోథెరపీకి ఎక్కడికెళ్లినా డయాథెర్మీ (ఒంటి లోపలికి వేడి పుట్టించే మిషన్) పెట్టకూడదని నేనే ముందు చెప్తాను, ఆ వేడి తీగల గుండా మెదడుకి ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

మొన్న గుంతకల్లు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. భార్యకి ఇదే జబ్బు, కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు, అక్కడ చేయిస్తానంటున్నాడట. ఖర్చు సంగతి తర్వాత, తిరిగొచ్చాక ఆ కంపెనీ మిషన్‌కి ప్రోగ్రామింగ్ చేసే డాక్టరు ఇక్కడ ఎవరున్నారో ముందు కనుక్కోమన్నాను.