కాగితపు వత్తులతో అక్షరాలు: మా అంగన్‌వాడీలో ఒక ఏడాది

నేను హన్మకొండ జిల్లాలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌ని. మూడేళ్ళు నిండిన దగ్గర్నుంచి ఒకటో తరగతికి వెళ్ళేదాకా పిల్లలు మా సెంటర్‌కి వస్తారు. పాటలు, కథలు, ఆటలు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు, ఆ తర్వాత కాసేపు నిద్ర. ఇందులో అక్షరాల వంతు ఎంత అన్నదాని మీద నాకూ తల్లిదండ్రులకూ ప్రతి జూన్‌లో ఒక చర్చ నడుస్తుంది. "పక్కూరి ప్రైవేట్ బడిల ఎల్‌కేజీ పిల్లలు ఏబీసీడీలు రాస్తున్నరు, మావోళ్ళు ఇంకా పాటలే పాడుతున్నరు" అని వాళ్ళ టెన్షన్. నాలుగేళ్ళ పిల్ల వేళ్ళకి బలపం పట్టి గుండ్రంగా తిప్పేంత పట్టు ఇంకా రాదని నా మాట. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళికలో కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఆటలతో, బొమ్మలతో, చేతిపనులతో నేర్పమనే ఉంది. కానీ ఆ సంగతి చెబితే ఏ తల్లికీ ధైర్యం రాదు, పిల్ల నేర్చుకున్నది కళ్ళకు కనబడాలి. అందుకే ఒక ఏడాది అక్షరాలు కాగితంతో చేయిద్దామని పెట్టుకున్నాను.

మొదట ఫోన్‌లో వెతికాను. దొరికినవన్నీ ఇంగ్లిష్ అక్షరాల బొమ్మలే. చార్ట్ పేపర్ మీద లావుగా 'బి' కత్తిరించి, రెక్కలు అంటిస్తే సీతాకోకచిలుక. 'సి'కి కళ్ళు పెడితే గొంగళిపురుగు. చూడముచ్చటగా ఉన్నాయి. అదే పద్ధతిలో మన అక్షరాలు చేద్దామని కూర్చుంటే రెండు చిక్కులు వచ్చాయి.

ఒకటి కత్తెర. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో చాలావరకు నిటారు గీతలు, ఏటవాలు గీతలు. మొద్దు మొన కత్తెరతో ఐదేళ్ళ పిల్ల కూడా 'ఎల్', 'టి' కత్తిరించగలదు. మనవన్నీ మెలికలు. అ కత్తిరించాలంటే కత్తెర పట్టిన చెయ్యి కదలకుండా ఉండాలి, రెండో చేత్తో కాగితాన్ని తిప్పుతూ పోవాలి, లోపలి ఖాళీలు మళ్ళీ వేరేగా తీయాలి. ఆ పని టీచరే చేసి పెడితే పిల్లకి మిగిలేది గమ్ము పూసి అంటించడమే. అప్పుడు ఆ అక్షరం నా చేతిలోంచి వెళ్ళినట్టు, పిల్ల చేతిలోంచి కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. ర తీసుకోండి. గుండ్రం, పైన తలకట్టు. దాన్ని కోడిపిల్ల చేద్దామని మధ్యలో ఒక కన్ను అంటించామనుకోండి, అది ఠ అయి కూర్చుంటుంది. ద కింద ఒక కాలు పెడితే ధ. దానికి కన్ను కూడా పెడితే థ. ప కింద కాలు పెడితే ఫ. మన లిపిలో చిన్న చుక్క, చిన్న గీత కూడా అక్షరాన్ని మార్చేస్తాయి. అలంకారం కోసం పెట్టిన కన్నుకీ అక్షరంలో భాగమైన చుక్కకీ తేడా నాలుగేళ్ళ పిల్లకి ఎలా తెలుస్తుంది? అందుకని అక్షరం మీద ఏ అలంకారం పెట్టకూడదని, బొమ్మ పక్కన ఉండాలని గట్టిగా అనుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా సలహా అడిగితే మొదట చెప్పేది ఇదే.

మరి మెలికల అక్షరాన్ని కాగితంతో చేయడం ఎలా? దీపారాధనకి వత్తి చేసినట్టు పాత పేపర్‌ని పొడుగ్గా పేని చూశాను. పేపర్ పేజీని నిలువుగా పట్టీలుగా చింపాలి. కత్తిరించడం కాదు, చింపడమే మేలు, ఆ చింపడంలోనే వేళ్ళకి బోలెడంత పని దొరుకుతుంది. వేళ్ళు కాస్త తడి చేసుకుని పట్టీని ఒక చివర నుంచి మెలిపెడుతూ పోతే మెత్తటి తాడులా వస్తుంది. ఎటు వంచితే అటు వంగుతుంది, వంచిన చోటే ఆగుతుంది. పొడుగువి నేనూ మా ఆయమ్మా పేనేవాళ్ళం. తలకట్లకి సరిపడా పొట్టివి పిల్లలే చేసేవాళ్ళు.

పాత పెళ్ళిపత్రికల అట్ట వెనకవైపు అక్షరం పెద్దగా గీసి, మొదలుపెట్టే చోట ఆకుపచ్చ చుక్క పెట్టాను. పిల్ల గీత వెంబడి వేలితో జిగురు రాయాలి. ఆ తర్వాత ఆకుపచ్చ చుక్క దగ్గర వత్తి కొస ఆనించి, గీత ఎటు పోతే అటు వంచుతూ అద్దుతూ పోవాలి. ఒక పాప ర చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. కుడిచేత్తో వత్తిని వంచుతోంది, ఎడమచేతి బొటనవేలితో వెనకాలే నొక్కుకుంటూ వస్తోంది. సగం గుండ్రం దాటాక అట్టని తిప్పుకోకుండా మణికట్టునే తిప్పింది. రేపు బలపంతో రాసేటప్పుడు తిరగాల్సింది ఆ మణికట్టే. గుండ్రం రెండు కొసలూ కలిశాక ఆకుపచ్చ గ్లేజ్ కాగితం ముక్కని మడిచి పైన తలకట్టు అంటించింది. ఆరాక చూపుడువేలు, మధ్యవేలు కలిపి దాని మీద పోనిస్తూ "ర... ర..." అంటూ తిరిగింది.

ఈ వేళ్ళతో తడమడం నేను కనిపెట్టింది కాదు. మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు చేసి, నున్నటి పలకల మీద అంటించి పిల్లలతో తడిమించింది. 1907లో రోమ్‌లో ఆమె మొదటి బడి పెట్టింది, 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చింది. గరుకు కాగితం నేనూ వాడి చూశాను. హార్డ్‌వేర్ షాపులో పెయింటర్లు కొనేదే, బాగా సన్న రకం. తడమడానికి బాగుంటుంది, కానీ కత్తిరించే పని మళ్ళీ పెద్దవాళ్ళదే. వత్తిలో తయారుచేసేదీ తడిమేదీ పిల్లే కాబట్టి నాకు అదే నచ్చింది.

అ ఆ ఇ ఈ వరుస పాటలో ఉంచాను. చేతిపనికి మాత్రం ఆకారాన్ని బట్టి వెళ్ళాను. ముందు ర, తర్వాత గ. గ అంటే ఒక కమాను, పైన తలకట్టు, అంతే. అ, ఆ లాంటివి చేయి తిరిగాకే. ఋ, ౠ, ఙ, ఞ జోలికి అసలు పోలేదు. నాలుగేళ్ళ పిల్ల నోట పలికే మాటల్లో అవి రావు.

పక్కన అంటించే బొమ్మకి మాట వెతకడంలోనే ఎక్కువ ఆలోచన పడింది. క అనగానే కాకి అనేస్తారు చాలామంది. కాకిలో ఉన్నది కా. గుణింతం తెలియని పిల్లకి అక్షరం ఎలా ఉందో అలాగే మాట మొదట్లో కనబడాలి, వినబడాలి. అందుకే క అంటే కప్ప, మడత పెట్టి చేసి వెనక నొక్కితే ఎగురుతుంది కూడా. న అంటే నత్త, పొడుగు పట్టీని పెన్సిల్‌కి చుట్టి వదిలితే దాని గుల్ల. ప అంటే పడవ, ఆ పడవ ఊళ్ళో ప్రతి అన్నకీ అక్కకీ చేయడం వచ్చు. జ అంటే జడ. మూడు క్రేప్ కాగితం పట్టీలు కలిపి అల్లడం పెద్ద పిల్లలకి నేర్పితే, వాళ్ళు ఆ వారమంతా దొరికిన ప్రతిదాన్నీ అల్లారు.

బ మాత్రం కావాలనే దసరా ముందుదాకా ఆపాను. బ అంటే బతుకమ్మ. అట్ట మీద కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా వరుసలు గీసి, తంగేడుకి పసుపు కాగితం, గునుగుకి తెలుపు, గులాబీ కాగితం చిన్న చిన్న ముక్కలుగా చింపి వరుసలు నింపమన్నాను. ఇంట్లో అమ్మలు పువ్వులు పేర్చడం చూస్తున్న రోజులవి, కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. గునుగు తర్వాత తంగేడే రావాలని ఒక బాబు పక్కవాడి వరుస పీకించి మళ్ళీ పెట్టించాడు. ఈ ఒక్క అక్షరాన్నీ ఆ ఏడాది ఎవరూ మర్చిపోలేదు.

జిగురు సంగతి. మైదా ఉడకబెట్టి చేసేదాన్ని, రోజుకి సరిపడా మాత్రమే. బైండింగ్ వాళ్ళు నిల్వకోసం అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, చిన్నపిల్లలు వేళ్ళు నోట్లో పెట్టుకునే చోట దాన్ని దగ్గరికి కూడా రానీయకూడదు. మైదా జిగురు వానాకాలంలో ఆరదు, పైగా రాత్రికి ఎలుకలు అట్టలు కొరికేవి. అలాగే గుడ్లు వచ్చే అట్ట ట్రేలు చూస్తే ఎవరికైనా చేతిపనికి వాడాలనిపిస్తుంది. గుడ్ల మీది మురికి వాటికి అంటి ఉంటుంది, నేను వాడను. పూసలు, గుండీలు, థర్మకోల్ ఉండలు కూడా మూడేళ్ళ పిల్లలున్న గదిలో వద్దు. ముక్కులోకి పోతాయి.

ఎలుకల బాధకి మందు మా ఊరి అవ్వ దగ్గర దొరికింది. మనవరాలిని దింపడానికి వచ్చి, "ఏంది టీచరమ్మా గీ కాగితాల ఆట? పోరికి పలకా బలపం ఇయ్యరా?" అని రోజూ అడిగేది. "ఇస్తనవ్వా, ముందు చెయ్యి తిరగాలె గదా" అనేదాన్ని. ఒకరోజు కొరికేసిన అట్టలు చూసి, "మైదా వెడ్తె ఎలుకలు రావా మరి? మెంతులు నానవెట్టి రుబ్బి కలుపు. చాటలకు, గంపలకు మేం అదే అలికేటోళ్ళం" అంది. అన్నట్టే మర్నాడు మెంతులు రుబ్బి తెచ్చింది. పాత నోట్‌బుక్ కాగితాలు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఆ మెంతిముద్దతో కలిపి దంచితే చేతికి అంటుకోని గుజ్జు తయారైంది. పిల్లలు దాన్ని పాము చేసి, అట్ట మీద అక్షరంగా వంచి, ఎండలో పెట్టారు. ఎండాక గట్టిగా, గరుకుగా, తడమడానికి వత్తికన్నా బాగున్నాయి. ఎలుకలు ముట్టలేదు. ఆ గుజ్జు పిసకడం పిల్లలకి నేర్పింది కూడా అవ్వే. పలక మాట తర్వాత ఎత్తలేదు.

అసలు కష్టం ఒకే పోలికున్న అక్షరాల దగ్గర వచ్చింది. ప, ఫ, ష, వ, మ, య. విడివిడిగా చేసినప్పుడు గుర్తుపడతారు, కలిపి పెడితే తికమక. వీటికి అంటించడం మానేసి, వత్తుల్ని విడిగా అట్ట మీద పేర్చి, తీసి, మళ్ళీ పేర్చే ఆటగా మార్చాను. ప పేర్చి, "ఇప్పుడు దీన్ని ఫ చెయ్యండి" అంటే కింద ఒక చిన్న వత్తి ముక్క చేర్చాలి. ఒక పాప తనంతట తనే వ పక్కన ముక్క పెట్టి, "టీచరమ్మా, వకు తోక వెడ్తె మ అయింది" అని గది అంతా వినబడేలా అరిచింది. ఇక్కడ టీచరు జాగ్రత్తగా ఉండాలి. ఆ తోక కాస్త అటూ ఇటూ అయితే వు లాగా కనబడుతుంది. అందుకే ఆ కొమ్ము ఎక్కడ ఆనాలో అట్ట మీద చుక్క పెట్టి ఉంచాను.

నెలకోసారి జరిగే ఈసీసీఈ డే (చిన్నపిల్లల సంరక్షణ, చదువు కోసం పెట్టిన రోజు) నాడు తల్లులు వస్తారు. పిల్లలు చేసిన అట్టలు తాడుకి క్లిప్పులతో వేలాడదీసి, కళ్ళు మూసుకుని తడిమి చెప్పమన్నాను, పిల్లల్ని కాదు, అమ్మల్ని. ద, ధ దగ్గర అమ్మలు ఆగిపోయారు. పిల్లలు పక్కనుంచి వేళ్ళు పట్టుకుని కింది గీత మీదికి తీసుకెళ్ళి చెప్పారు. ఆ తర్వాత పెళ్ళిపత్రికలు అడగకుండానే సెంటర్‌కి రావడం మొదలైంది. జూన్‌లో "ఏబీసీడీలు ఎప్పుడు" అని గట్టిగా అడిగిన తల్లే ఇంట్లో గోడకి తాడు కట్టింది.

ఏడాది చివర్లో పెద్ద పిల్లలకి పలకలు ఇచ్చాను. ర, గ, న, ప, బ చాలామంది మొదటి వారంలోనే రాశారు. అ, ఆ, ఇ, ఈ చదవడం అందరికీ వచ్చింది, రాయడం కొందరికే. ణ, ఖ, ఛ, ఘ ఇంకా రాలేదు, ఐదేళ్ళకి రావాల్సిన తొందర కూడా లేదు. వాళ్ళకన్నా చిన్న పిల్లలు అక్షరాలు పేరుతో గుర్తుపట్టకపోయినా వత్తులు పేనడంలో పెద్దవాళ్ళని మించిపోయారు.

ఈ ఏడాది తలకట్టు అంటించకుండా విడిగా ఉంచుతున్నాను. ర మీద తలకట్టు తీసి గుడి పెడితే రి, ఎత్వం పెడితే రె. గుణింతంలో తలకట్టు ఎక్కడ ఉంటుందో, ఎక్కడ పోతుందో పిల్ల తన చేత్తోనే తీసి పెట్టి చూసుకోవచ్చు. గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం ఒక్కోటి ఒక్కో రంగు గ్లేజ్ కాగితంతో చేసి అగ్గిపెట్టెల్లో వేశాను. ఒకటో తరగతికి వెళ్ళబోయే పిల్లలకి మాత్రమే ఇది. ముందు వాళ్ళ పేర్లతో మొదలుపెట్టిస్తాను.