ఉత్త సీసా ఏది?

మన ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ పాత విద్యార్థుల కలయిక సంచికకు రెండు పేజీలు రాసివ్వమని కమిటీ వాళ్లు అడిగారు. ఫ్రెషర్స్ డే, ఢిల్లీ టూర్, సెరాలజీ (రక్త పరీక్షల) ల్యాబ్‌లో మేకరక్తం గొడవ, మనం ‘మట్టి బ్యాచ్’ అని పిలిచే గుంపు చేసిన ఘనకార్యాలు, ఇవన్నీ ఎవరో ఒకరు రాస్తారు. నేను మనకు టాక్సికాలజీ, అంటే విషశాస్త్రం చెప్పిన ‘ఉప్పు సార్’ గురించే రాస్తాను.

టాక్సికాలజీ మొదటి క్లాసులో సార్ ఒక్క విషం పేరు కూడా చెప్పలేదు. విసెరా, అంటే పోస్టుమార్టంలో తీసిన లోపలి అవయవాలు, ల్యాబ్‌కు పంపడానికి ఎలా కట్టాలో చెప్పారు. ఒక సీసాలో జీర్ణాశయం, దానిలోని పదార్థం, చిన్నపేగు పైభాగం 30 సెంటీమీటర్లు. ఇంకో సీసాలో కాలేయం 500 గ్రాములు, రెండు కిడ్నీల్లోనూ చెరి సగం. మునిగేలా సంతృప్త ఉప్పునీళ్లు. ఉప్పు ఇక కరగక అడుగున పేరుకునే దాకా వెయ్యాలి, అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లకు దాదాపు 36 గ్రాములు. సీసా మూడింట రెండొంతులకు మించి నింపకూడదు, కుళ్లేకొద్దీ పుట్టే వాయువు మూతను తన్నేస్తుంది. ఆ తర్వాత అదే ఉప్పునీళ్లు 25 మిల్లీలీటర్లు విడిగా, ఏ అవయవమూ లేకుండా, సీలు వేసి పంపాలి. "ఉత్త సీసా ఏది?" అని సార్ ఎప్పుడూ అడిగేది దాని గురించే. కాలేయంలో విషం దొరికిందని రిపోర్టు ఇస్తే, ఆ విషం ఉప్పులోనే ఉందేమోనని డిఫెన్స్ లాయర్ అడుగుతాడు. దానికి జవాబు ఆ 25 మిల్లీలీటర్లలోనే ఉంటుంది.

ఫార్మలిన్ మాట ఎత్తితే సార్ మొహం ఎలా మారేదో గుర్తుందా? కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసే హిస్టోపాథాలజీకి అదే కావాలి, మనకు అదే శత్రువు. కణజాలాన్ని గట్టిపరిచేస్తుంది, ఆ తర్వాత విషాన్ని బయటికి లాగడం గగనం. యాసిడ్ తాగిన కేసులో ఉప్పు పనికిరాదు, స్పిరిట్ వాడాలి. మద్యం అనుమానం ఉన్నచోట స్పిరిట్ దరిదాపుల్లో ఉండకూడదు. రక్తమైతే 10 మిల్లీలీటర్లకు సోడియం ఫ్లోరైడ్ 100 మిల్లీగ్రాములు, పొటాషియం ఆక్సలేట్ 30 మిల్లీగ్రాములు. ఆక్సలేట్ గడ్డకట్టనివ్వదు. ఫ్లోరైడ్ లేకపోతే సూక్ష్మజీవులు రక్తంలోని గ్లూకోజును సీసాలోనే ఆల్కహాలుగా మార్చేస్తాయి. చుక్క ముట్టని మనిషి కాగితం మీద తాగుబోతు అవుతాడు. ఇన్సూరెన్సు డబ్బు రాదు, పోయిన మనిషి పరువూ పోతుంది. ఈ మాట చెప్పేటప్పుడు సార్ గొంతు పెద్దదయ్యేది, ఎందుకో ఇప్పుడు బాగా తెలుస్తోంది.

ఇక టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ, పల్చటి పూత ఉన్న ప్లేటు మీద పదార్థాలను విడదీసి గుర్తించే పరీక్ష) మధ్యాహ్నాలు. కాలేయం ముద్దను హెక్సేన్‌తో సెపరేటింగ్ ఫన్నెల్‌లో వేసి గట్టిగా ఊపితే కొవ్వు, ప్రొటీన్ కలిసి తెల్లటి ఎమల్షన్ కడుతుంది, రెండు పొరలూ విడిపోవు. మెల్లగా తిరగేస్తూ, తలకిందులు చేసిన ప్రతిసారీ స్టాప్‌కాక్ తిప్పి ఆవిరి వదలాలి. అయినా ఎమల్షన్ కడితే చిటికెడు ఉప్పు, లేదా సెంట్రిఫ్యూజ్. హెక్సేన్ పొరను నీరులేని సోడియం సల్ఫేట్ మీదుగా దించాలి. పొడి గడ్డలు కడుతోందంటే ఇంకా తడి ఉన్నట్టే, మరికొంచెం వెయ్యాలి. తొందరపడి వేడి పెట్టి ఆరబెడితే హెక్సేన్‌తో పాటు పురుగుమందు కూడా ఎగిరిపోవచ్చు.

ప్లేటు మీద గీత పెన్సిల్‌తోనే. పెన్ను సిరా ద్రావణంతో పాటు పాకుతుంది. చుక్క చిన్నగా, ఒకటి ఆరాక దాని మీదే ఇంకొకటి. ప్లేటు నిలబెట్టే చాంబర్‌లో హెక్సేన్ నాలుగు పాళ్లు, అసిటోన్ ఒక పాలు, మట్టం చుక్కల కిందే ఉండాలి. చాంబర్ గోడకు ఫిల్టర్ పేపర్ అతికించి లోపల ఆవిరి నిండనివ్వాలి, లేదంటే అంచుల్లో చుక్కలు ముందుకు ఉరికి మధ్యవి వెనకబడతాయి. ప్లేటు తీసిన క్షణంలోనే ద్రావణం ఎక్కడిదాకా ఎక్కిందో గీసేయాలి, ఆరాక ఆ హద్దు కనపడదు, ఆర్ఎఫ్ (చుక్క ఎక్కిన దూరాన్ని ద్రావణం ఎక్కిన దూరంతో భాగిస్తే వచ్చేది) లెక్క గాలికి పోతుంది. పత్తి చేలల్లో కొట్టే క్లోర్‌పైరిఫాస్ పురుగుమందు స్టాండర్డ్ (పోల్చి చూసే అసలు మందు) ఒక పక్కన, కేసు శాంపిల్ మధ్యలో, విషం లేని కాలేయం నుంచి తీసిన ద్రవం ఇంకో పక్కన. ఆ మూడో చుక్క లేని ప్లేటును సార్ కళ్లెత్తి చూసేవారే కాదు. రీడింగు ఎంత చక్కగా వచ్చినా అంతే.

మిగతా పేపర్లన్నీ నాకు ఆ మూడో చుక్కతోనే అర్థమయ్యాయి. రక్తపు మరక ఉన్న చొక్కాలో మరక లేని ముక్క కూడా కావాలి. కాలిన పరుపుతో పాటు అదే పరుపులో కాలని భాగం కావాలి, అదీ గాలి చొరని డబ్బాలో, ఎందుకంటే మామూలు పాలిథిన్‌లోంచి కిరోసిన్ ఆవిరి జారిపోతుంది. రక్తం తడి బట్టలకు అదే పాలిథిన్ ఇంకోలా చేటు, బూజు పట్టిస్తుంది. వాటిని నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి.

సెకండియర్ గురించి పెద్దగా రాయను. మాక్ కోర్టు ఒక్కటి చాలు. మన మట్టి బ్యాచ్ లీడరే జడ్జి, ఇంకేం చెప్పను!

ఇప్పుడు మనవాళ్లు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఉన్నారు, రామంతాపూర్ సీఎఫ్ఎస్ఎల్ (కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్)లో ఉన్నారు, ఘటనాస్థలిలో ఆధారాలు సేకరించే క్లూస్ టీముల్లో రాత్రిళ్లు తిరుగుతున్నారు, ఫార్మా కంపెనీల్లో రసాయనాలను గుర్తించే జీసీ-ఎంఎస్ యంత్రం ముందు కూర్చున్నారు. నా రిపోర్టుల కింద నా సంతకం ఉంటోంది. మా అమ్మ ఆ మాట బంధువులందరికీ చెప్పుకుంటుంది, నేనూ వద్దనను.

జూనియర్లు ఫోన్ చేసి ఏం చదవాలని అడుగుతున్నారు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 176(3) ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. పని పెరుగుతుంది, కాబట్టి సిద్ధంగా ఉండండి. నోటిఫికేషన్‌లో ముందుగా చూడాల్సింది ఖాళీల సంఖ్య కాదు, విద్యార్హత. టాక్సికాలజీకి కెమిస్ట్రీ, డీఎన్ఏకు బయాలజీ వైపు డిగ్రీ అడుగుతారు. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ ఒక్కటే ఉంటే కొన్నిచోట్ల దరఖాస్తే నిలవదు. యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ఉంది, ఎన్ఎఫ్ఎస్‌యూ (జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ) నిర్వహించే ఫ్యాక్ట్ అనే అర్హత పరీక్ష ఉంది, రెండూ రాయండి. ఈలోగా ఫార్మాలో చేరితే చిన్నతనం అనుకోవద్దు. బ్లాంక్ (ఉత్త శాంపిల్) నడపడం, యంత్రం కొలతలు సరిచూసే కాలిబ్రేషన్, తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన పొట్టి సంతకం, తేదీ వెయ్యడం అక్కడ చేతికి అలవాటవుతాయి. పాత సీఆర్‌పీసీ 293, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 329 కింద మన రిపోర్టును నేరుగా సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ, కోర్టు పిలిస్తే వెళ్లాల్సిందే. ఏళ్ల తర్వాత బోనులో నిలబడినప్పుడు ఆ నోట్‌బుక్ తప్ప ఇంకేదీ తోడు రాదు.

కమిటీకి ఒక విన్నపం. గ్రూప్ ఫొటో, భోజనాలు కానిచ్చాక మధ్యాహ్నం రెండు గంటలు ఇప్పటి విద్యార్థులకు ప్యాకింగ్ ప్రాక్టికల్ పెట్టండి. సీసాలు, లక్క, సీలు, లెటర్ ఆఫ్ అడ్వైస్ (శాంపిళ్లతో పాటు ల్యాబ్‌కు పంపే లేఖ) నమూనాలు నేను తెస్తాను. క్లూస్ టీమ్ వాళ్లు కవర్లు, డబ్బాలు తెస్తే చాలు. సార్‌ను ముందు వరసలో కూర్చోబెడదాం, పిల్లలు కట్టిన ప్రతి పార్సిలూ ఆయన చూస్తారు.